విడి గేజులను ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌కు కలిపే విధానం

కంపెనీ మీటర్లు చెప్పని సంగతులు తెలుసుకోవడానికి చాలామంది కారు యజమానులు విడిగా గేజులు కొని డ్యాష్‌బోర్డు మీద పెట్టించుకుంటారు. విశాఖపట్నంలో గాజువాక ఆటోనగర్ దాకా వెళ్తే గేజు బిగించి, వెలిగించి చూపే ఎలక్ట్రీషియన్ దొరకడం కష్టం కాదు. అయితే గేజు వెలగడం వేరు. అది కొలిచిన విలువ ల్యాప్‌టాప్‌లోని ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇంజిన్ వేగం, థ్రాటిల్, ఇంజెక్టర్ సమయం వంటి విలువల పక్కన, అదే క్షణానికి, అదే అంకెగా నమోదు కావడం వేరు. ఈ రెండో పనిని ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి నియమం ఒక్కటే: గేజు మీది అంకె, స్క్రీన్ మీది అంకె ఒకటయ్యే వరకు, ఏ వేగంలో, ఏ లోడులో ఎంత పెట్రోలు వేయాలో చెప్పే ఇంధన పట్టికలో ఒక్క గడిని కూడా మార్చకూడదు.

ముందుగా మీ కారులో ఉన్న ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఏ రకమో చూసుకోవాలి. స్పీడ్యూనో, మెగాస్క్విర్ట్ వంటి విడి ఈసీయూ అయితే బయటి సెన్సర్ల కోసం ఖాళీ పిన్నులు ఉంటాయి, ట్యూనర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్ వాటిని నేరుగా చదువుతుంది. కంపెనీ ఈసీయూలోని ప్రోగ్రామునే మార్పించుకున్న (రీఫ్లాష్ చేయించుకున్న) కార్లలో సాధారణంగా అలాంటి ఖాళీ పిన్ను దొరకదు. అప్పుడు గేజు సంకేతాన్ని లాగింగ్ పరికరంలోకో, సీరియల్ కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌లోకో తేవాలి. మీ కారు సాఫ్ట్‌వేర్ బయటి సంకేతాలను స్వీకరిస్తుందో లేదో గేజు కొనకముందే విచారించుకోవడం మంచిది. గేజు లాగ్ ఒక ఫైలులో, ఈసీయూ లాగ్ మరొక ఫైలులో ఉంటే రెండింటి గడియారాలను కలపడంతోనే పొద్దు గడిచిపోతుంది.

గేజుల్లో అన్నిటికన్నా ఉపయోగపడేది, అన్నిటికన్నా తప్పుగా కలపబడేది వైడ్‌బ్యాండ్ గేజు. పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి గాలికి, పెట్రోలుకు మధ్య నిష్పత్తిని అది చెబుతుంది. సెన్సర్‌ను టర్బో ఉన్న కారులో టర్బో దాటిన తర్వాత, కేటలిటిక్ కన్వర్టర్‌కు ముందు, గొట్టం పైభాగంలో కాస్త ఏటవాలుగా బిగించాలి. అడుగు భాగంలో బిగిస్తే గొట్టంలో చేరిన నీరు సెన్సర్ మీదికి వస్తుంది, వేడెక్కిన సెరామిక్ మీద నీటి చుక్క పడితే అది పగిలిపోతుంది. మన ఊరి తేమకు పొద్దున్నే స్టార్ట్ చేసిన బండి సైలెన్సర్ నుంచి నీళ్లు కారడం అందరూ చూసేదే కాబట్టి ఈ జాగ్రత్తను తేలిగ్గా తీసుకోవద్దు. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్ కనెక్టర్‌లోపల ఆ సెన్సర్‌కు మాత్రమే సరిపోయే క్యాలిబ్రేషన్ రెసిస్టర్ ఉంటుంది. వైరు పొడవు చాలలేదని కనెక్టర్‌ను కోసి వేరేది అతికించడం సెన్సర్‌ను పాడుచేసుకోవడంతో సమానం. సెన్సర్‌ను బిగించి, కరెంటు ఇవ్వకుండా బండి నడపడం కూడా అలాంటిదే. వేడెక్కని సెన్సర్ మీద మసి పేరుకుంటుంది.

గేజుకు కరెంటు ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు మాత్రమే వచ్చే 12 వోల్టుల లైను నుంచి, తయారీదారు చెప్పిన ఫ్యూజు ద్వారా ఇవ్వాలి. సిగరెట్ లైటర్ వైరుకో, స్టీరియో వైరుకో తగిలించడం తేలికే గాని, స్టార్టర్ తిరిగేటప్పుడు ఆ లైన్లలో చాలావాటికి కరెంటు ఆగిపోతుంది.

ఇక ఎర్త్ సంగతి. గేజు ఇచ్చే అనలాగ్ సంకేతం 0 నుంచి 5 వోల్టుల మధ్య ఉండే చిన్న వోల్టేజి. ఈసీయూ దాన్ని తన సెన్సర్ ఎర్త్‌తో పోల్చి చదువుతుంది. సెన్సర్‌ను వేడిగా ఉంచే హీటరు గణనీయమైన కరెంటు లాగుతుంది కాబట్టి హీటరు ఎర్త్‌ను, సంకేతపు ఎర్త్‌ను ఒకే సన్నని వైరుతో బాడీకి బిగిస్తే ఆ వైరులోనే కొంత వోల్టేజి పడిపోతుంది. ఆ పతనం పదో వంతు వోల్టు మాత్రమే అయినా, ఏఈఎం కంపెనీ ఎక్స్ సిరీస్ వైడ్‌బ్యాండ్ గేజు విషయంలో నిష్పత్తిలో సుమారు 0.24 తేడాగా కనిపిస్తుంది. అందువల్ల సంకేతపు నెగటివ్ వైరు విడిగా ఉంటే దాన్ని ఈసీయూ సెన్సర్ ఎర్త్ పిన్నుకే చేర్చాలి. హీటరు నల్ల వైరును ఇంజిన్ బ్లాకు మీద ఈసీయూ పవర్ ఎర్త్ బిగించిన చోటే బిగించాలి. గేజులో ఒకే ఎర్త్ వైరు ఉంటే దాన్ని కూడా ఈసీయూ ఎర్త్ ఉన్న చోటికే తీసుకెళ్లాలి. బీచ్ రోడ్డు, భీమిలి వైపు నిలిపే బండ్లలో ఉప్పుగాలికి ఎర్త్ బోల్టుల చుట్టూ తుప్పు త్వరగా చేరుతుంది కాబట్టి, రంగు గీకి, తగరపు పూత ఉన్న రాగి లగ్గు వేసి, బోల్టు బిగించాక పైన గ్రీజు రాయడం మంచిది. వైర్లను మెలితిప్పి టేపు చుట్టే అలవాటు ఇక్కడ అస్సలు పనికిరాదు. క్రింప్ చేసి, జిగురు ఉన్న హీట్ ష్రింక్ వేయండి.

సంకేతపు వైరును ఈసీయూకు తగిలించే ముందు మల్టీమీటరుతో దాని వోల్టేజి చూడాలి. 5 వోల్టులు దాటిన సంకేతాన్ని, ముఖ్యంగా పొరపాటున 12 వోల్టుల వైరును, ఆ పిన్నులో పెడితే ఈసీయూ పాడయ్యే ప్రమాదం ఉంది.

తర్వాత సాఫ్ట్‌వేర్‌కు ఆ వోల్టేజి అర్థాన్ని నేర్పాలి. ట్యూనర్‌స్టూడియో టూల్స్ మెనూలో ఏఎఫ్ఆర్ (గాలి-పెట్రోలు నిష్పత్తి) టేబుల్ క్యాలిబ్రేషన్ తెరిస్తే గేజుల జాబితా వస్తుంది. అందులో మీ గేజు లేకపోతే సొంత సరళరేఖను ఎంచుకుని రెండు వోల్టేజిలకు రెండు విలువలు ఇవ్వాలి. ఏఈఎం ఎక్స్ సిరీస్‌లో వోల్టేజిని 2.375తో గుణించి 7.3125 కలిపితే నిష్పత్తి వస్తుంది, అంటే 0.5 వోల్టుకు 8.5, 4.5 వోల్టులకు 18.0. అదే కంపెనీ పాత గేజులో లెక్క వేరు: వోల్టేజిని రెట్టించి 10 కలపాలి. ఇన్నోవేట్ ఎంటీఎక్స్-ఎల్‌లో 0 వోల్టులకు 7.35, 5 వోల్టులకు 22.39. జాబితాలో కంపెనీ పేరు కనబడగానే నొక్కేయకుండా మోడలు సంఖ్య సరిచూడమని చెప్పడానికి కారణం ఉంది. పాత ఏఈఎం గేజు పెట్టి కొత్త దాని సూత్రం ఇచ్చారనుకుందాం. ఇంజిన్ నిజంగా 12.5 వద్ద నడుస్తుంటే గేజు 1.25 వోల్టులు ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని 10.28 అని చదివి, పెట్రోలు ఎక్కువైపోయిందనుకుంటుంది. ఇంధన పట్టికను సాఫ్ట్‌వేరే సర్దే ఆటోట్యూన్ ఆన్‌లో ఉంటే లోడు మీద ఉన్న ఇంజిన్‌కు పెట్రోలు తగ్గిస్తూ పోతుంది. పిస్టన్లు కరిగేది అలాంటి సందర్భాల్లోనే.

ఇక్కడే పెట్రోలు మాట కూడా చెప్పాలి. వైడ్‌బ్యాండ్ సెన్సర్ నిజానికి కొలిచేది లాంబ్డాను, అంటే ఉన్న గాలి-పెట్రోలు నిష్పత్తిని ఆ పెట్రోలు పూర్తిగా కాలడానికి సరైన నిష్పత్తితో భాగిస్తే వచ్చే అంకెను. గేజు దాన్ని సుమారు 14.7తో గుణించి నిష్పత్తిగా చూపిస్తుంది. మన బంకుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు సరైన నిష్పత్తి సుమారు 13.5 మాత్రమే. కాబట్టి గేజు 14.7 చూపినప్పుడు నిజమైన నిష్పత్తి 14.7 కాదు, లాంబ్డా 1 అని మాత్రమే అర్థం. గేజునూ సాఫ్ట్‌వేర్‌నూ రెండింటినీ లాంబ్డాలోనే ఉంచితే ఈ గందరగోళం ఉండదు. విదేశీ వీడియోల్లో చెప్పే 12.5 అనే లక్ష్యాన్ని మన భాషలో 0.85 లాంబ్డా అనుకుంటే చాలు.

అనలాగ్ బదులు సీరియల్ లేదా క్యాన్ (కారులోని ఎలక్ట్రానిక్ పరికరాలు మాట్లాడుకునే రెండు వైర్ల లైను) ద్వారా కలిపే వీలుంటే ఎర్త్ తేడా అంకెను మార్చే సమస్య పోతుంది, ఎందుకంటే అక్కడ వచ్చేది వోల్టేజి కాదు, అంకె. ఏఈఎం ఎక్స్ సిరీస్ సీరియల్ వేగం 9600 బాడ్ (సెకనుకు బిట్లు). ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ కన్వర్టరు ఏ కామ్ పోర్టుగా వచ్చిందో డివైస్ మేనేజర్‌లో చూసి, అదే పోర్టును సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకోవాలి. క్యాన్ అయితే వేగం సెకనుకు 500 కిలోబిట్లు, సందేశపు ఐడీ పొడవైన 29 బిట్ల రకంలో హెక్సా 180, మొదటి రెండు బైట్ల విలువను 0.0001తో గుణిస్తే లాంబ్డా. క్యాన్ లైనుకు రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి. కరెంటు ఆపి రెండు వైర్ల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదని, 40 వస్తే ఒకటి ఎక్కువైందని అర్థం. కంపెనీ కారు సొంత క్యాన్ లైనులోకి ఈ గేజును జొప్పించవద్దు. బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు మాట్లాడుకునే లైనులో కొత్త గొంతు కలపడం తగదు.

ప్రెషర్ గేజుల సంగతి దీనికన్నా తేలిక. 0.5 వోల్టుకు సున్నా, 4.5 వోల్టులకు 100 పీఎస్‌ఐ ఇచ్చే ఆయిల్ ప్రెషర్ సెన్సర్‌లో వోల్టేజి నుంచి 0.5 తీసేసి 25తో గుణిస్తే సరిపోతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు 0, 5 వోల్టుల దగ్గరి విలువలను అడుగుతాయి. అప్పుడు మైనస్ 12.5, 112.5 అని ఇవ్వాలి. సున్నా ప్రెషర్‌కు అర వోల్టు ఇవ్వడంలో ఒక సౌకర్యం ఉంది: వైరు తెగితే వోల్టేజి సున్నాకు పడి, తెగిన సంగతి తెలిసిపోతుంది. బూస్ట్ (టర్బో నెట్టే గాలి పీడనం) కొలిచే మ్యాప్ సెన్సర్‌ను సరిచూడటంలో విశాఖవాసులకు సముద్రమే కొలబద్ద. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేస్తే అది వాతావరణ పీడనాన్ని చూపాలి. ఇక్కడ అది 100 కిలోపాస్కల్‌కు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అదే కారుతో అరకు లోయకు వెళ్లి చూస్తే సుమారు 90 దగ్గర ఉండాలి. విశాఖలో 90 చూపితే క్యాలిబ్రేషన్ తప్పు.

ఆయిల్, కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్లను మాత్రం పంచుకోకూడదు. ఈసీయూ, గేజు రెండూ ఆ సెన్సర్ రెసిస్టెన్స్‌ను తమ తమ పుల్-అప్ రెసిస్టర్లతో (సెన్సర్‌కు వోల్టేజి అందించే లోపలి రెసిస్టర్లతో) చదువుతాయి. ఒకే సెన్సర్‌కు రెండూ కలిపితే రెండూ తప్పు చెబుతాయి. గేజుకు విడి సెన్సర్ పెట్టి, గేజు ఇచ్చే అనలాగ్ అవుట్‌పుట్ ఉంటే దాన్నే ఈసీయూకు ఇవ్వండి. అవుట్‌పుట్ లేని గేజు అయితే ఈసీయూకు ఇంకో సెన్సర్ పెట్టి, ఐసునీళ్లలో, గది వేడిలో, మరిగే నీళ్లలో దాని రెసిస్టెన్స్ కొలిచి ఆ మూడు విలువలను క్యాలిబ్రేషన్‌లో ఇవ్వాలి.

అన్నీ కలిపాక ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే ఒక పరీక్ష చేయాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి, సాఫ్ట్‌వేర్‌లోని అంకెలను చూస్తూ హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్ ఒక్కొక్కటే వేయండి. ఏదైనా వేసిన వెంటనే బూస్టో, ఆయిల్ ప్రెషరో కదిలితే లోపం సెన్సర్‌లో లేదు, ఎర్త్‌లో ఉంది. ఇంజిన్ నడుస్తుండగా కూడా ఇదే పరీక్ష చేసి, గేజులో లాంబ్డా నిలకడగా ఉండి స్క్రీన్ మీద మాత్రం కదిలితే మళ్లీ అదే ఎర్త్ బోల్టు దగ్గరికి వెళ్లండి. స్క్రీన్ విలువను గేజుకు సమానం చేయడానికి సూత్రంలో ఇంత కలిపి, అంత తీసేసి సర్దుకునేవారు ఉన్నారు. అది ఒక్క చోట సరిపోతుంది, లోడు మారగానే తప్పుతుంది.

రోడ్డు మీద పరీక్షకు పక్కన ఇంకొకరు ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చోవాలి. నడిపేవారు స్క్రీన్ చూడకూడదు. నిలకడైన వేగానికి ట్రాఫిక్ లేని వేళ భీమిలి రోడ్డు, లోడు మీద ఇంజిన్ తీరు చూడటానికి అనంతగిరి ఘాట్ ఎక్కుడు బాగుంటాయి, రెండింటిలోనూ వేగ పరిమితి లోపలే. పొగ ఇంజిన్ నుంచి సెన్సర్ దాకా చేరడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, యాక్సిలరేటర్ నొక్కిన క్షణంలో కనిపించే లాంబ్డా అంతకు ముందు క్షణానిది. నిలకడగా ఉన్న చోట్ల విలువలనే నమ్మండి. సెన్సర్ వేడెక్కుతున్నప్పుడు, లోపం వచ్చినప్పుడు గేజు ఏ వోల్టేజి ఇస్తుందో మాన్యువల్‌లో చూసి, ఆటోట్యూన్ ఆ విలువలను వదిలేసేలా ఫిల్టరు పెట్టాలి.

సెట్టింగుల ఫైలుతో పాటు గేజు మోడలు, వాడిన సూత్రం, ఏ వైరు ఏ పిన్నుకు వెళ్లిందన్నది రాసి అదే ఫోల్డరులో ఉంచండి. వానాకాలం వెళ్లాక ఎర్త్ బోల్టులు విప్పి చూసి, లైట్లు వేసే పరీక్షను మరోసారి చేయండి.