యూసీలో కుదరని ముగింపు నిల్వ: నా అనుభవం

మా పరిశోధన సంస్థలో కేంద్ర నిధులతో నడిచే ఒక ప్రాజెక్టుకు వినియోగ ధ్రువపత్రం (యూసీ, అంటే గ్రాంటు సొమ్మును ఎలా వాడామో తెలిపే పత్రం) తయారుచేస్తున్నప్పుడు, అందులోని ముగింపు నిల్వకూ బ్యాంకు స్టేట్‌మెంటుకూ పొంతన కుదరలేదు. వోచర్లన్నీ మళ్లీ కూడి రెండు రోజులు వృథా చేసుకున్నాను. తప్పు వోచర్లలో లేదు. ఖాతాలో జమైన వడ్డీని మేము గ్రాంటులో కలిపేశాము. పైగా విదేశీ పరికరానికి కట్టిన అడ్వాన్సును, అది ల్యాబుకు చేరకముందే, ఖర్చుగా రాశాము.

కేంద్ర ప్రభుత్వ సొమ్ము వాడకానికి వర్తించే 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలలో (జీఎఫ్‌ఆర్) 230వ నియమం ప్రకారం, గ్రాంటుపై వచ్చిన వడ్డీని లెక్కలు ఖరారైన వెంటనే కేంద్ర సంచిత నిధికి, అంటే కేంద్ర ప్రభుత్వ ఖజానాకు, జమచేయాలి. ఆ సొమ్ముతో రసాయనాలు కొనడానికి వీల్లేదు. అందుకే వడ్డీకి వేరే లెడ్జరు తెరిచి, మొత్తాన్ని కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపు పోర్టల్ భారత్‌కోశ్ ద్వారా చెల్లించి, రశీదును జతచేశాను. యూసీకి వాడే జీఎఫ్‌ఆర్ 12-ఎ నమూనాలో వడ్డీ ఆర్జనకూ, తిరిగి చెల్లింపుకూ విడివిడి గడులు ఉన్నాయి. సర్దుబాటు కాని అడ్వాన్సులకు సంవత్సరాంత స్థితి వివరాలలో ప్రత్యేకంగా చోటు ఉంది. అడ్వాన్సును ఖర్చులోంచి తీసి అక్కడ చూపగానే నిల్వ పైసలతో సహా సరిపోయింది. ఇప్పుడు వడ్డీ, అడ్వాన్సుల అంకెలను ప్రతి నెలా ప్రాజెక్టు శాస్త్రవేత్తతో కలిసి సరిచూస్తున్నాను.