పాత బండి ఐడ్లింగ్, రేజ్ సరిచేసే ముందు జాగ్రత్తలు

ఆగిన చోటల్లా బండి ఆరిపోతుంటే చాలామంది చెయ్యి ముందుగా ఐడ్లింగ్ (రేజ్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) పెంచే స్క్రూ మీదికే పోతుంది. అర చుట్టు బిగిస్తే ఇంజన్ ఆరకుండా నిలబడుతుంది, దాంతో పని అయిపోయిందనుకుంటారు. అసలు లోపం మాత్రం లోపల అలాగే ఉంటుంది. పైగా ఐడ్లింగ్ మరీ ఎక్కువ పెట్టిన బండి రేజ్ వదిలినా ముందుకు లాగుతూనే ఉంటుంది. దిగుడులోనో తడి రోడ్డు మలుపులోనో ఆ తేడా బాగా తెలుస్తుంది. కార్బొరేటర్ (గాలినీ పెట్రోల్‌నీ కలిపి ఇంజన్‌కు పంపే భాగం) ఉన్న బండికి స్క్రూడ్రైవర్ అన్నిటికన్నా చివర రావాలి. నెలల తరబడి మూలన పడివున్న బండిని మళ్లీ రోడ్డెక్కించేటప్పుడైతే మరీను.

ఐడ్లింగ్ పడిపోవడం చికాకు, అంతే. గ్రిప్ వదిలినా రేజ్ వెనక్కి రాకపోవడం ప్రమాదం. ఈ రెండోది ఉంటే బండిని సందు చివరిదాకా కూడా నడపొద్దు.

చూడడం సులువే. ఇంజన్ ఆపి, హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకు తిప్పి గ్రిప్ తిప్పి వదలండి. తిన్నగా పెట్టి ఒకసారి, పూర్తిగా కుడికి తిప్పి ఒకసారి అలాగే చేయండి. మూడుసార్లూ గ్రిప్ తనంతట తాను టక్కున మూసుకోవాలి. తర్వాత న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, రేజ్ ముట్టుకోకుండా హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి. ఇంజన్ మోత పెరిగిందంటే కేబుల్ బిగుసుకుపోతోందన్నమాట. ట్యాంక్ తీసి మళ్లీ పెట్టినప్పుడు కేబుల్ దారి తప్పి నలగడం, హ్యాండిల్ మార్చాక పొడవు చాలకపోవడం తరచూ జరిగేవే. గ్రిప్ దగ్గర కొద్దిగా వదులు ఉండాలి, చాలా బండ్లకు 2 నుంచి 6 మిల్లీమీటర్లు. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

కేబుల్ చివర ఒక్క తీగ తెగి పైకి లేచినా అది తొడుగులో ఇరుక్కుని రేజ్‌ని తెరిచిన చోటే పట్టేస్తుంది. ఆ తీగను కత్తిరించి ఊరుకోవడం పొదుపు కాదు, కేబుల్ మార్చాల్సిందే. కొత్త గ్రిప్ రబ్బరు లోపలికి ఎక్కువ దూరి స్విచ్ పెట్టెకు రాసుకుంటోందేమో కూడా చూడండి. అంత చిన్న విషయానికి కార్బొరేటర్ విప్పేసిన వాళ్లున్నారు.

పని మొదలుపెట్టే ముందే కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్‌ని ఆపే స్విచ్) పనిచేస్తోందో లేదో తేల్చుకోండి. పాత బండ్లలో ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని స్విచ్ అదే, లోపల చిలుము పట్టి ఉంటుంది. రోడ్డు మీద రేజ్ ఇరుక్కుంటే క్లచ్ పట్టి, కిల్ స్విచ్ నొక్కి, బ్రేక్ వేస్తూ పక్కకు రావాలి. క్లచ్ పట్టగానే ఇంజన్ గట్టిగా అరుస్తుంది. ఆ మోతకు బెదిరి క్లచ్ వదిలేయకూడదు. కిల్ స్విచ్ లేని బండిని తాళంతో ఆపాల్సి వస్తే, నడుస్తుండగా తాళాన్ని హ్యాండిల్ లాక్ దాకా మాత్రం తిప్పొద్దు.

ఇక పెట్రోల్. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకి దూరంగా ఉన్న నిప్పుదాకా పోగలదు. ఎంత చల్లటి రోజైనా అంటుకోగలదు. అందుకే ఇంజన్, సైలెన్సర్ చల్లారాకే ఫ్లోట్ గిన్నె (కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) విప్పాలి. కారిన పెట్రోల్‌ని పలచటి ప్లాస్టిక్ గ్లాసులో కాకుండా మూతున్న లోహపు డబ్బాలో పట్టండి. తలుపులు మూసిన గదిలో, షట్టర్ సగం దించిన షెడ్డులో ఇంజన్ నడపొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, తల తిరిగేదాకా తెలియదు. కార్బ్ క్లీనర్ (కార్బొరేటర్ శుభ్రం చేసే స్ప్రే) ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రం నుంచి కళ్లలోకి చిమ్ముతుంది, కాబట్టి కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. అది కొట్టే ముందు రబ్బరు రింగులు, డయాఫ్రం (పలచటి రబ్బరు పొర) తీసి పక్కన పెట్టండి, లేకపోతే ఉబ్బి పాడవుతాయి.

లోపం వెతకడంలో ఖర్చు లేనివి ముందు. ఫ్లోట్ గిన్నె ఖాళీ చేస్తే అడుగున నీటి బొట్లు, తుప్పు పొడి కనబడవచ్చు. పాతబడిన పెట్రోల్ అయితే వార్నిష్ వాసన వేస్తుంది. బండి కాసేపు నడిచి ఆగిపోయి, ట్యాంక్ మూత తెరవగానే మళ్లీ బతికితే, మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్ ఎలాగూ చూస్తారు.

ఆ తర్వాత బండి చెప్పేది వినాలి. చోక్ వేస్తేనే నిలబడి, తీస్తే ఆరిపోతోందా? పెట్రోల్ చాలడం లేదు, లేదా దొంగగాలి, అంటే ఫిల్టర్ గుండా కాకుండా పగుళ్ల గుండా వచ్చే గాలి, దూరుతోంది. రేజ్ వదిలాక మోత పైనే వేలాడి మెల్లగా దిగుతోందా? కేబుల్ సరిగా ఉంటే కారణం చాలాసార్లు ఆ దొంగగాలే. రేజ్ వదలగానే మోత మరీ కిందికి పడిపోయి తడబడుతూ, ప్లగ్ మసిబారి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. చోక్ పూర్తిగా మూసుకోకపోవడం, ఫ్లోట్ మట్టం తప్పడం దానికి మామూలు కారణాలు.

దొంగగాలికి ఎక్కువగా దారిచ్చేది కార్బొరేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే రబ్బరు. ఏళ్లకు అది గట్టిపడి పగుళ్లిస్తుంది. వేడి ఇంజన్ మీద పెట్రోల్, క్లీనర్ చల్లి పరీక్షించే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది, నేనైతే దాన్ని ఎవరికీ చెప్పను. మంచి నీళ్లు స్ప్రే సీసాలో పోసి, ప్లగ్ వైరుకు తగలకుండా ఆ రబ్బరు చుట్టూ సన్నగా కొట్టండి. మోత మారితే పగులు అక్కడే.

ఐడ్లింగ్‌కు పెట్రోల్ అందించే పైలట్ జెట్ రంధ్రం సాధారణంగా అర మిల్లీమీటరు కూడా ఉండదు. సన్నని ఇనుప తీగ దూర్చి గీకితే పెద్దదవుతుంది, ఆపైన ఏ స్క్రూ తిప్పినా ఐడ్లింగ్ కుదరదు. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి. తిరిగి బిగించేటప్పుడు స్లైడ్‌ని (రేజ్ కేబుల్ లాగితే పైకి లేచి గాలి దారి తెరిచే ముక్క) గాడిలో సరిగా కూర్చోబెట్టాలి. కోత ఉన్న వైపు ఎయిర్ ఫిల్టర్ వైపుకు రావాలి. తిరగేసి పెడితే స్లైడ్ కిందిదాకా దిగదు, స్టార్ట్ చేసీ చేయగానే ఇంజన్ ఎగిసిపోతుంది. కిక్ కొట్టే ముందు గ్రిప్ తిప్పి వదిలి, స్లైడ్ అడుక్కి తగిలే చప్పుడు వినండి.

ఇవన్నీ అయ్యాకే స్క్రూలు. గాలీ పెట్రోల్ పాళ్లు సరిచేసే మిశ్రమం స్క్రూని లోపలికి మెల్లగా తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. అడుక్కి ఆనగానే ఆపాలి, బిగిస్తే మొన విరుగుతుంది. తర్వాత అన్నే చుట్లు వెనక్కి తిప్పి పెట్టండి. ఎయిర్ ఫిల్టర్ వైపున్నది గాలి స్క్రూ, బయటికి తిప్పితే పెట్రోల్ పాలు తగ్గుతుంది. ఇంజన్ వైపున్నది పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే పెరుగుతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక పావు చుట్టు చొప్పున తిప్పి, ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగి వినండి. గాలితో చల్లబడే ఇంజన్‌ని నిలబెట్టి ఎక్కువసేపు నడపకూడదు, ఎదురుగా ఫ్యాన్ పెట్టుకోండి. ఐడ్లింగ్ నిమిషానికి ఎన్ని చుట్లుండాలో బండి పుస్తకం చెబుతుంది. అది దగ్గర లేకపోతే, చాలా బండ్లు 1,200 నుంచి 1,500 మధ్య కుదురుకుంటాయి.

అన్నీ చేసినా వేడెక్కాక ఐడ్లింగ్ పడిపోతుంటే వాల్వ్ సందు (వాల్వ్ కాడకూ దాన్ని నొక్కే మీటకూ మధ్య ఖాళీ) చూపించండి, సాధారణంగా దాన్ని చల్లటి ఇంజన్ మీదే కొలుస్తారు. రెండు కార్బొరేటర్ల బండి అయితే రెండింటినీ సమం చేసే పని గేజీలున్న మెకానిక్‌కే వదలండి. తొలిసారి నడిపి వచ్చాక ఫ్లోట్ గిన్నె కింద తెల్ల కాగితం పరిచి కాసేపు ఉంచండి. కాగితం తడిస్తే ట్యాంక్ కింద ఉండే పెట్రోల్ కాక్ మూసి, ఆ గిన్నె వాషర్ సంగతి తేలేదాకా బండిని ఇంట్లో పెట్టొద్దు.