సరిహద్దు దాటి వైద్యానికి వెళ్లేవారు ఆరోగ్య కార్డులను, ఆధార్‌ను జాగ్రత్తగా వాడుకోవడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలు పెద్ద జబ్బు వస్తే బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికో, సరిహద్దు దాటి విశాఖపట్నం కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కో వెళ్లడం పరిపాటి. అలా బయలుదేరే ముందు చేతిలో ఉన్న రెండు కార్డులకు తేడా తెలుసుకోవాలి. ఆయుష్మాన్ కార్డు డబ్బుకు సంబంధించినది: అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది, 2025 నుంచి ఒడిశాలోనూ అమలవుతోంది. ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) కార్డు మీద ఉండే 14 అంకెల సంఖ్య ఒక్క రూపాయి కూడా ఇవ్వదు. మీ వైద్య రికార్డులను ఒకచోటికి ముడివేయడమే దాని పని. ఆయుష్మాన్ కార్డు ఫలానా ఆసుపత్రిలో, ఫలానా చికిత్సకు చెల్లుతుందో లేదో బయలుదేరక ముందే 14555కు ఫోన్ చేసి అడగడం మంచిది.

ఆభా తీసుకోవడం ఐచ్ఛికం. తీసుకోదలిస్తే సొంత ఫోన్‌లో, ఆధార్‌కు అనుసంధానమైన మొబైల్ నంబరుకు వచ్చే ఓటీపీతో మీరే తీసుకోండి. ఆధార్‌తో తీసుకున్నప్పుడు పేరు ఆధార్‌లో ఉన్నట్టే వస్తుంది. మన వైపు చిక్కంతా ఇక్కడే: ఒడిశాలో తీసిన ఆధార్‌లో ఇంటిపేరు చివర ఉంటే, విశాఖలో రాసిన ఓపీ చీటీలో అది ముందుకు వస్తుంది, లేదా ఒక్క అక్షరంగా మిగులుతుంది. పేర్లు ఇలా కలవకపోతే రికార్డు మీ సంఖ్యకు ముడిపడకుండా ఆగిపోవచ్చు. అందుకే నోటితో చెప్పడం కంటే, ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ అంటించి ఉంటే ఆభా యాప్‌తో స్కాన్ చేసి వివరాలు పంపడం మేలు.

రికార్డులన్నీ ఢిల్లీలో ఒకేచోట పోగుపడతాయన్న భయం చాలామందికి ఉంది. అవి తయారైన ఆసుపత్రిలోనో ల్యాబ్‌లోనో ఉంటాయి, మీరు సమ్మతి ఇచ్చినప్పుడే మరొకరికి చేరతాయి. అయితే ఆ సమ్మతి అడిగే తెరను చదవకుండా నొక్కేయడం మనకు అలవాటు. ఎవరు అడుగుతున్నారు, ఏ అవసరానికి, ఏ రకం రికార్డులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్నాళ్లపాటు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. మోకాలి ఆపరేషన్‌కు వెళ్లిన మనిషి పదేళ్ల కిందటి మానసిక చికిత్స కాగితాలు పంపనవసరం లేదు. తేదీలను కుదించి, అక్కర్లేని రికార్డులను తీసేసి అనుమతించవచ్చు, పని అయ్యాక ఆ సమ్మతిని రద్దు చేయవచ్చు.

నా ఉద్దేశంలో అసలు ప్రమాదం యాప్ కంటే ఆసుపత్రి ఎదుటి జిరాక్స్ దుకాణంలోనే ఎక్కువ. రోగికి తోడుగా వచ్చినవారు లాడ్జిలో గది కోసం ఆధార్ పీడీఎఫ్‌ను దుకాణదారు వాట్సాప్‌కు పంపుతారు, అది అతని కంప్యూటర్‌లో ఉండిపోతుంది. దాని పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం కాబట్టి, మీ పేరు, వయసు తెలిసిన ఎవరైనా ఊహించగలరు. లాడ్జికి చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు. దాన్ని ఆధార్ జారీచేసే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్ నుంచి దించి, రెండు మూడు ప్రతులు ఇంటి దగ్గరే తీసి సంచిలో పెట్టుకోండి. తప్పనిసరై దుకాణంలో తీయిస్తే, ఫైలును మీ కళ్ల ముందే తొలగించమని మొహమాటపడకుండా అడగండి.

వేలిముద్రలతో డబ్బు కాజేసే మోసాలకు ఆధార్ బయోమెట్రిక్ లాక్ (మీ వేలిముద్రతో ధ్రువీకరణ జరగకుండా ఆపే సదుపాయం) మంచి విరుగుడు. కానీ లాక్ వేసి మరచిపోతే రేషన్ డీలర్ యంత్రం మీద వేలు పడదు, కాబట్టి బియ్యం తీసుకునే సమయంలోనే దాన్ని తాత్కాలికంగా తీయాలి, కొద్ది నిమిషాలకు అదే మళ్లీ పడిపోతుంది. మీ ఆధార్ ఎప్పుడు ఎక్కడ వాడారో యూఐడీఏఐ వెబ్‌సైట్‌లోని ధ్రువీకరణ చరిత్రలో కనిపిస్తుంది. మీరు ఎరగని నమోదు ఉంటే ఆధార్ సహాయ నంబరు 1947కు, డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయాలి.