పాత జిప్సీ కొన్నారా? ముందు హబ్‌లు చూడండి

పాత మారుతి జిప్సీ కొత్తగా కొన్నవాళ్లకి ఒక మాట, ఇసుకలోకో బురదలోకో దింపేముందు, ముందు చక్రాలు ఒక్కోదాని నడిమధ్యలో ఉండి, చక్రాన్ని ఇరుసుకి కలిపే, విడదీసే ఫ్రీ వీల్ హబ్‌లు చేత్తో తిప్పి చూడండి, ఏళ్లతరబడి ఎవరూ ముట్టుకోక బిగుసుకుపోయుంటాయి చాలా బండ్లలో. రెండూ లాక్ అవ్వాలి, ఒక్కటి ఫ్రీలో ఉండిపోయినా ముందు చక్రాలు లాగవు, లోపల లివర్ 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ లాగే మామూలు గేర్) పెట్టి ఎంత రేజ్ చేసినా పెట్రోల్ దండగే.

4హెచ్ టెస్ట్ చేసేది మట్టి రోడ్డు మీదే, ఎండిన తారు మీద వద్దు. దీనికి సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు కదా, మలుపుల్లో ముందూ వెనకా ఒకదాన్నొకటి లాక్కుని లివర్ ఇరుక్కుపోతుంది, అప్పుడు బలంగా గుంజకుండా కొంచెం రివర్స్ పోతే అదే వదులుతుంది. 4ఎల్‌కి (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్) మాత్రం బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి మార్చాలి.

ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే గేర్ల పెట్టె), ముందూ వెనకా ఇరుసుల మీదుండే రెండు డిఫరెన్షియల్స్ (ఎడమ, కుడి చక్రాలకి బలం పంచే గేర్లు) ఆయిల్ కూడా ఎలాగూ మార్చేయండి, పాత ఆయిల్ పాలు కలిపిన టీలా వస్తే నీళ్లు దిగాయని అర్థం, మెకానిక్‌కి సీల్స్ (ఆయిల్ కారకుండా, నీళ్లు దిగకుండా ఆపే రింగులు) చూపించాలి. అన్నట్టు పైన నింపే బోల్ట్ ఊడుతోందని చూసుకున్నాకే కింద డ్రెయిన్ బోల్ట్ విప్పండి, లేకపోతే ఆయిల్ అంతా కారిపోయాక కొత్తది పోయలేక బండి అక్కడే ఆగిపోద్ది.