దావత్‌కు జుకినీ స్టార్టర్లు ఇటలీ పద్ధతిలో ఎలా చేయాలి?

పుట్టినరోజుకో, తొట్టెల ఫంక్షన్‌కో ఇంటికి ఇరవై మంది వస్తున్నారంటే వెజ్ స్టార్టర్ల లిస్టు రాయకముందే అందరికీ తెలుసు: మిర్చి బజ్జీ, గోబీ మంచూరియా, పనీర్ 65. ఈసారి కొత్తగా ఏదైనా పెట్టాలనుకుంటే జుకినీ పట్టుకోండి. చూడ్డానికి కీరదోసలా ఉండే సొరకాయ జాతి కాయ ఇది, ఇటలీ ఇళ్లలో వేసవి కూరగాయ. వాళ్లు దాంతో చేసే చిన్న చిన్న వంటకాలు చాలావరకు శాకాహారమే, మనకు కావాల్సిన మిగతా సామాన్లు కూడా కిరాణా కొట్లో దొరికేవే. జుకినీ మాత్రం నల్లగొండ, మహబూబ్‌నగర్ మార్కెట్లలో రోజూ కనిపించదు. సూపర్ మార్కెట్‌లో చూడండి, లేదా హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లతో రెండు రోజుల ముందే తెప్పించుకోండి. కడగకుండా ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు గట్టిగానే ఉంటుంది.

కొనేటప్పుడు చిన్నవే ఏరుకోవాలి. జానెడు పొడవు, 200 గ్రాముల బరువు ఉంటే చాలు. తొక్క మెరుస్తూ ఉండాలి, గోరు గుచ్చితే సులువుగా దిగాలి. పెద్దకాయలో గింజలు ముదిరి, మధ్య గుజ్జు మెత్తబడి ఉంటుంది. పచ్చవైనా పసుపువైనా రుచిలో పెద్ద తేడా లేదు. తొక్క తీయొద్దు. కోయగానే ప్రతి కాయ నుంచీ చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూడండి. బాగా చేదుగా ఉంటే ఆ కాయ పారేయాల్సిందే. చేదు సొరకాయ తినొద్దని పెద్దవాళ్లు ఎందుకంటారో ఇక్కడా అదే కారణం: ఈ జాతి కాయల్లో చేదు పుట్టించే పదార్థం కడుపును పాడుచేస్తుంది, వండినా పోదు.

ఇరవై మందికి మూడు రకాలు చేయాలంటే మొత్తం రెండు కిలోల పైచిలుకు కావాలి.

అసలు పని నీళ్లతోనే

జుకినీలో 95 శాతం దాకా నీళ్లే. దావత్‌లో ప్లేటు కింద నీళ్లు ఊరి, ముక్కలు మెత్తగా వేలాడుతుంటే తప్పు మసాలాది కాదు, ఆ నీటిని ముందే తీయకపోవడం వల్ల. తీయడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఉప్పు: కోసిన ముక్కల మీద సన్నగా చల్లి, జల్లి గిన్నెలో 20 నిమిషాలు ఉంచి, శుభ్రమైన బట్టతో గట్టిగా అద్దాలి. రెండోది ఎండ. దాని సంగతి కిందే వస్తుంది.

ఉప్పు పట్టించిన ముక్కలకు తర్వాత ఉప్పు వేసేటప్పుడు చెయ్యి ఆపుకోండి.

మొదటిది: స్కాపేచే, ముందు రోజే చేసేది

మూడింటిలో నా ఓటు దీనికే. ఇటలీలోని నేపుల్స్ ప్రాంతపు వంటకం. వేయించిన జుకినీ చక్రాలను వెనిగర్, వెల్లుల్లి, పుదీనలో నానబెట్టి చల్లగానే తింటారు. పులుపు మరిగిన మన నాలుకలకు కొత్తగా అలవాటు చేయాల్సిన పనే లేదు. పైగా దావత్ రోజు పొయ్యి దగ్గర దీని కోసం నిలబడక్కర్లేదు, వంటింట్లో సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

1. ఒక కిలో జుకినీని 4 మిల్లీమీటర్ల మందాన చక్రాలుగా కోయండి. అంతకంటే పల్చగా కోస్తే నూనెలో చిప్స్ అయిపోతాయి.

2. నేపుల్స్‌లో పాత పద్ధతిలో చేసేవాళ్లు ఈ చక్రాలను కాసేపు ఎండబెడతారు. ఎండ విషయంలో మనకేం తక్కువ? దాబా మీద బట్ట పరిచి, వడియాలు పెట్టినట్టు విడివిడిగా పరచండి. ఏప్రిల్, మే నెలల్లో గంట, గంటన్నర చాలు. అంచులు కొద్దిగా ముడుచుకోగానే తీసేయాలి, ఒరుగుల్లా ఎండనీయొద్దు. వానాకాలమైతే ఉప్పు పద్ధతే.

3. కడాయిలో నూనె పోసి మధ్యస్థం మంట మీద వేయించండి. పిండీ గిండీ ఏమీ లేదు, ఉత్త ముక్కలే. ఆలివ్ నూనె దీనికి తగలేయడం దండగ, పల్లీ నూనె చక్కగా సరిపోతుంది. ఒక్కసారి గుప్పెడు మించి వేయకండి. ముక్క మీద గోధుమ రంగు మచ్చలు రావాలి. పసుపు రంగులో ఉండగానే తీస్తే వెనిగర్‌లో పడ్డాక చప్పగా మెత్తబడుతుంది.

4. నాలుగు టేబుల్ స్పూన్ల తెల్ల వెనిగర్‌లో రెండు స్పూన్ల నీళ్లు, సన్నగా తరిగిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి ఒక్క పొంగు రానిచ్చి దించండి. వెనిగర్ బదులు నిమ్మరసం పోయొచ్చు కదా, నకిరేకల్ నిమ్మకాయలు ఉండగా, అనిపిస్తుంది. కానీ రాత్రంతా ఉంటే నిమ్మరసం తాజాదనం పోయి చేదు తిరుగుతుంది. నిమ్మకాయను తర్వాతి వంటకానికి దాచండి.

5. గాజు గిన్నెలో ఒక వరుస ముక్కలు, చిటికెడు ఉప్పు, చేత్తో తుంచిన పుదీన ఆకులు, రెండు చెంచాల వెనిగర్. మళ్లీ ఇంకో వరుస. అన్నీ అయ్యాక పైన ఒకటి రెండు చెంచాల ఆలివ్ నూనె. మూత పెట్టి ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచండి.

వడ్డించే అరగంట ముందు బయటికి తీసి, కాల్చిన బ్రెడ్ ముక్కల మీద రెండేసి చక్రాలు పెట్టాలి. పల్చటి జొన్నరొట్టెను పెనం మీద కరకరలాడేలా కాల్చి, ముక్కలు చేసి దాని మీద పెట్టినా బాగుంటుంది. ఇటలీవాళ్లు చూస్తే ఏమంటారో గాని, పాలమూరులో అడిగేవాళ్లు ఎవరున్నారు!

రెండోది: మెత్తటి చీజ్ నింపిన రోల్స్

మూడు జుకినీలను నిలువుగా 3 మిల్లీమీటర్ల మందాన పట్టీలుగా కోయండి. చాకు కంటే స్లైసర్ నయం. ఉప్పు చల్లి, తడి అద్ది, దోసె పెనానికి నూనె రాసి ఒక్కో వైపు నిమిషంన్నర కాల్చాలి. వంచితే విరగకూడదు, అంతే. పళ్లెంలో పక్కపక్కన పరిచి చల్లారనివ్వండి. వేడి మీద ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఆవిరికి మళ్లీ నీరు పడుతుంది.

లోపల పెట్టేది అసలైతే రికోటా, అంటే చీజ్ తీశాక మిగిలిన పాల తేటను మళ్లీ కాచి తీసే మెత్తటి చీజ్. మనం ఇంట్లో నేరుగా పాలతోనే దానికి దగ్గరగా చేసుకోవచ్చు. లీటరు చిక్కటి పాలు కాచి, పొంగు రాబోతుండగా ఆపి, రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం పోసి కదిలించకుండా పది నిమిషాలు వదిలేయండి. బట్టలో వడకట్టండి కానీ పిండొద్దు, బరువు పెట్టొద్దు. అలా చేస్తే అది పనీర్ అవుతుంది. తేమగా ఉన్నప్పుడే ఉప్పు, మిరియాల పొడి, సగం వెల్లుల్లి రెబ్బ, పచ్చ నిమ్మ తొక్క తురుము కలపాలి. ఒక్కో పట్టీ చివర చిన్న చెంచాడు పెట్టి చుట్టి, టూత్‌పిక్ గుచ్చండి. ఇరవై, ఇరవై నాలుగు రోల్స్ వస్తాయి.

పైన వేయడానికి పెస్టో, అంటే ఆకు నూరి చేసే ఇటలీ పచ్చడి. అక్కడి జెనోవాలో బేసిల్ ఆకు, పైన్ గింజలతో నూరతారు. బేసిల్ అంటే మన కోటలో తులసి కాదు, తులసి వేస్తే లవంగం ఘాటు వస్తుంది. నీళ్లలో నానబెట్టుకుని తాగే సబ్జా గింజల మొక్కే బేసిల్. ఆ గింజలు నాలుగు కుండీలో చల్లితే నెలన్నరలో ఆకు కోసుకోవచ్చు. పైన్ గింజల జోలికి పోకండి, ధర గుండె ఆపుతుంది. పాలమూరు పల్లీలు వేయించి, పొట్టు తీసి పావు కప్పు వేయండి. రెండు గుప్పిళ్ల ఆకు, ఒక వెల్లుల్లి రెబ్బ, ఉప్పు, కొద్దిగా చీజ్ తురుము, ఆలివ్ నూనె కలిపి బరకగా నూరండి. చుక్క నీళ్లు పోసినా, చింతపండు తగిలినా అది పల్లీ చట్నీయే.

చీజ్ గురించి ఒక జాగ్రత్త. ఇటలీ అసలు పార్మెజాన్ చీజ్ కోసం పాలను దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తో విరగ్గొడతారు. కాబట్టి అది శాకాహారం కాదు. వచ్చే చుట్టాల్లో పట్టింపు ఉన్నవాళ్లుంటే ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూడండి, మైక్రోబియల్ రెన్నెట్ (సూక్ష్మజీవులతో తయారైనది) అని రాసి ఉంటే నిశ్చింత.

ఈ రోల్స్ పాలతో చేసినవి కనుక వేసవిలో గంటకు మించి టేబుల్ మీద ఉంచకూడదు. ఫ్రిజ్‌లోంచి విడతలు విడతలుగా తీయండి.

మూడోది: వేడివేడిగా ఫ్రిటెల్లే, అంటే చిన్న జుకినీ అట్లు

ఇది పిల్లల కోసం. అర కిలో జుకినీ తురిమి, అర చెంచా ఉప్పు కలిపి, పది నిమిషాలయ్యాక గుప్పెడు గుప్పెడు తీసుకుని పిండేయండి. ఇటలీలో చాలామంది గుడ్డు కలుపుతారు. మనం నాలుగు చెంచాల మైదా, మూడు చెంచాల శనగపిండితో సరిపెడదాం. శనగపిండి ఏమీ పరాయిది కాదు, లిగూరియా తీరంలో దాంతో ఫారినాటా అని అట్టు వేసుకుంటారు. చీజ్ తురుము, మిరియాలు, పుదీన వేయండి. వాము, కారం, అల్లం పేస్ట్ మాత్రం డబ్బాల్లోనే ఉండనివ్వండి, లేదంటే వచ్చినవాళ్లు పకోడీ బాగుందని మెచ్చుకుని వెళ్తారు.

పిండి కలిపి ఉంచితే మళ్లీ నీరు వదులుతుంది. అందుకే చుట్టాలు కూర్చున్నాకే కలపాలి. పెనం మీద నాలుగు చెంచాల నూనె పోసి, చెంచాతో చిన్న అట్లలా వేసి, రెండు వైపులా ఎర్రగా కాల్చి ఎప్పటికప్పుడు పంపించండి. వేడి మీద తింటేనే కరకర, పది నిమిషాలాగితే మెత్తబడతాయి. అందుకని వడ్డించడానికి వంటింటి గుమ్మం దగ్గర ఒక మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి.