ఉద్దానంలో ఒక రేపటి నవల: ప్రశ్నించే పిల్లను ఎలా రాయాలి?

తన సమాజాన్ని ప్రశ్నించే పదహారేళ్ల పిల్ల కథను, భవిష్యత్తులో జరిగే నవలగా రాయదలచినవారు సాధారణంగా ఎత్తైన గోడలతోనూ, నియంతతోనూ మొదలుపెడతారు. ఒకప్పుడు నిజంగా ప్రాణాలు కాపాడిన ఒక ఆజ్ఞతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అటువంటి రాత్రి ‘ఇళ్లు వదిలి షెల్టరుకు రండి’ అంటే ఆ మాట వినడమే క్షేమం. ఇప్పుడు ఆ మాటను నలభై ఏళ్లు సాగదీయండి. గాలి ఆగినా షెల్టరు తలుపులు తెరుచుకోలేదు. బయట మొక్కైనా మొలవదని పిల్లలకు పాఠం చెబుతారు. చెప్పేవారూ దాన్ని నమ్ముతారు. పాలకులను దుర్మార్గులుగా కాక, భయానికి అలవాటుపడిపోయిన మనుషులుగా చూపితే కథానాయిక పని కష్టమవుతుంది, నవల బిగుస్తుంది.

అసలు కష్టమంతా ఆమెకు తొలి అనుమానం పుట్టించడంలో ఉంది. అటక మీద దొరికే పాత డైరీ వంటివి వాడి వాడి అరిగిపోయాయి. పలాస వైపు జీడి పిక్కలు ఒలిచిన చేతులను ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు; పెంకులోని జీడి రసం చర్మాన్ని కాల్చి, వేళ్లను నల్లబరుస్తుంది, ఎంత తోమినా ఆ మరక ఒక పట్టాన వదలదు. గంజి పోస్తున్న మామ్మ వేళ్లపై ఆ మరకను పిల్ల చూసిందనుకోండి. ‘ఇదేటి మామ్మా?’ అంటుంది. మామ్మ చెయ్యి కొంగుచాటుకు లాక్కుంటుంది. జీడిచెట్టును పుట్టి ఎరగని ఆ పిల్లకు అదేమిటో తెలియదు, పాఠకుడికి తెలుసు: బయట జీడిచెట్టు బతికే ఉంది. రచయిత అక్కడ ఒక్క మాటా వివరించకూడదు. రెండు అధ్యాయాల తరువాత, మామ్మ రొంటిన దోపుకున్న పెంకు ముక్కను తాకి పిల్ల వేలు బొబ్బెక్కితే చాలు.

భాష విషయంలో దారి ముందే ఉంది. విజయనగరంలో 1892లో తొలిసారి ప్రదర్శితమైన కన్యాశుల్కం, పాత్రల నోట వాడుక మాటనే పలికించింది. షెల్టరు ప్రకటనలన్నిటినీ గ్రాంథికంలో వినిపించి, పిల్ల ప్రశ్నలను మాత్రం ఊరి యాసలో ఉంచండి. (యాసను హాస్యానికే వాడే అలవాటు మనలో చాలామందికి ఉంది, దాన్ని వదులుకోవలసిందే.)

ముగింపులో ఆమె వ్యవస్థను కూల్చనక్కరలేదు. ఆమె తలుపు గడియ మీద చెయ్యి వేసిన రాత్రి, నిజంగానే మరో తుపాను వస్తోందనుకుందాం. అప్పుడు ఆమె ఏమి చేస్తుందో తేల్చుకున్నాకే మొదటి అధ్యాయానికి కూర్చోండి.