అద్దె ఇల్లా, సొంత ఫ్లాటా: బెజవాడలో లెక్క కట్టే పద్ధతి

మా అన్నయ్య కొడుకు గుంటూరు నుంచి బెజవాడకి ఉద్యోగం మారి పటమటలో అద్దెకి దిగాడు. ఏడాది తిరక్కుండానే అందరూ పాడే పాటే మొదలెట్టాడు: "అత్తా, నెలకి 18 వేలు గంగలో పోస్తున్నాం. అవే ఈఎంఐ కడితే ఇల్లు మనదవుతుంది కదా." అవే ఎట్లా అవుతాయిరా అని కాగితం, పెన్ను తెమ్మన్నాను. నేను ఇంటర్ పిల్లలకి అకౌంట్స్ చెబుతాను. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పుస్తకాలూ నేనే రాస్తాను. ఓనర్ల చేతినుంచి ఏం పోతుందో, అద్దెకున్నవాళ్ల చేతినుంచి ఏం పోతుందో రెండూ నాకు కనపడుతూనే ఉంటాయి. వాడికి వేసి చూపించిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను. అంకెలు మీవి పెట్టుకోండి, పద్ధతి మాత్రం ఇదే ఉంచండి.

అన్నిటికన్నా ముందు అద్దెని ఈఎంఐతో పోల్చడం మానేయండి. ఈఎంఐలో కొంత వడ్డీ, కొంత అసలు. అసలుకి కట్టింది మీ ఆస్తిలోకే చేరుతుంది కాబట్టి అది ఖర్చు కాదు. వడ్డీ మాత్రం అద్దెలాగే పోయిందే, మళ్లీ రాదు. అంచేత అద్దెని పోల్చాల్సింది వడ్డీతో. దానికి ఇంటి పన్ను, రిపేర్లు కలపాలి. ఇంకొకటి కూడా కలపాలి, అదే అందరూ మర్చిపోతారు: మీరు చేతినుంచి పెట్టే డబ్బు బ్యాంకులోనే ఉంటే వచ్చే వడ్డీ.

మావాడు మనసుపడ్డ ఫ్లాట్ 70 లక్షలు. 1,200 అడుగులు, ఈస్ట్ ఫేస్. మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, ఫీజు 1, మొత్తం 7.5 శాతం. అంటే 5 లక్షల 25 వేలు. లోను ఎంత ఇవ్వాలో బ్యాంకు లెక్క వేసేటప్పుడు ఈ ఖర్చుని ఇంటి విలువలో కలపదు, ఇది మన జేబులోంచే రావాలి. 50 లక్షలు లోను, 20 లక్షలు చేతి డబ్బు అనుకున్నాడు. 8 శాతం వడ్డీకి 20 ఏళ్లంటే ఈఎంఐ 41,800 చిల్లర. మొదటి ఏడాది అందులో సగటున నెలకి 33 వేలు వడ్డీకే సరి. చేతి డబ్బు, రిజిస్ట్రేషన్ కలిపి 25 లక్షల పైచిలుకు. దాన్ని ఆరున్నర శాతం డిపాజిట్‌లో ఉంచితే నెలకి 13,600 వచ్చేది. ఇంటి పన్నుకీ రిపేర్లకీ ఒక 2 వేలు వేయండి. మొత్తం 48,600. వాడుంటున్న అద్దె ఇల్లూ దాదాపు అంత పెద్దదే, అద్దె 18 వేలు. మెయింటెనెన్స్ ఎవరుంటే వాళ్లు కట్టేదే కాబట్టి రెండు పక్కలా వదిలేశాను.

తేడా నెలకి 30,600. ఏడాదికి 3 లక్షల 67 వేలు. 70 లక్షల మీద చూస్తే 5 శాతం దాటింది. అంటే ఆ ఫ్లాట్ ధర ఏటా 5 శాతానికి పైగా పెరిగితే కొన్నవాడు లాభపడతాడు, పెరక్కపోతే అద్దెకున్నవాడే తెలివైనవాడు. అద్దె కూడా ఏటేటా పెరుగుతుంది కాబట్టి తేడా తగ్గుతూ వస్తుంది, కాదనను. కానీ మొదటి పదేళ్లు లోను అసలు చాలా నెమ్మదిగా కరుగుతుంది, వడ్డీ పెద్దగా తగ్గదు. ఈ 50 లక్షల లోను పదేళ్లు నాగా లేకుండా కట్టాక కూడా 34 లక్షలకు పైనే మిగిలి ఉంటుంది. ఆ అంకె చెప్పగానే మావాడు క్యాలిక్యులేటర్ లాక్కుని మళ్లీ వేసుకున్నాడు.

ఇన్‌కమ్ ట్యాక్స్ కలిసొస్తుంది కదా అంటారు. పాత పద్ధతిలో ఉంటే సొంతింటి వడ్డీకి ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. కొత్త పద్ధతికి మారినవాళ్లకి, మనం ఉండే ఇంటికి, అది లేదు. మీరు ఏ పద్ధతిలో ఉన్నారో చూసుకుని మాట్లాడండి.

70 లక్షల ఇంటికి 18 వేలే అద్దె ఎందుకు? అద్దెని నిర్ణయించేది ఊళ్లో జీతాలు. ఇక్కడ అద్దెకుండేది బ్యాంకు ఉద్యోగులు, లెక్చరర్లు, షాపుల్లో గుమాస్తాలు, పిల్లల ఇంటర్ చదువు కోసం రెండేళ్లు కాపురం మార్చుకుని వచ్చే పల్నాడు, ప్రకాశం వాళ్లు. ధరని నిర్ణయించేది మాత్రం అమెరికా జీతాలు, రాజధాని కబుర్లు. మా అపార్ట్‌మెంట్‌లోనే కొన్ని ఫ్లాట్ల ఓనర్లు డాలస్‌లో ఉంటారు, అద్దె వాళ్ల నాన్నగార్లు వసూలు చేస్తారు. వాళ్లకి అద్దె ఎంతన్నది పెద్ద పట్టింపు కాదు, ఊళ్లో ఒక ఆస్తి ఉండాలి, అంతే. ఇంటిని అద్దె కోసం కాకుండా దాచుకోవడానికి కొనేవాళ్లు ఎక్కువున్న ఊళ్లో అద్దెకుండేవాడికి చవక. దీన్ని అవమానంగా కాకుండా అవకాశంగా చూడండి.

పెరుగుతూనే ఉంటాయి, ఇప్పుడు కొనకపోతే ఇక కొనలేం అని బ్రోకర్లు భయపెడతారు. 2014లో రాజధాని ఇక్కడే అనగానే ఎట్లా ఎగిసిందో మనం చూశాం. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే మంగళగిరి, తుళ్లూరు వైపు ఎట్లా చతికిలబడిందో కూడా చూశాం. 2024 జూన్ తర్వాత మళ్లీ ఊపు. ఇక్కడి ధర ఎన్నికల ఫలితంతో ఊగుతుంది. అంచేత ఐదేళ్లలో ఊరు మారే ఉద్యోగమైతే కొనకండి. అమ్ముకోవాల్సిన ఏడు ఏ గాలి వీస్తుందో ఎవరి చేతిలోనూ లేదు, 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు మాత్రం కొన్నరోజే పోయింది. ఏడెనిమిదేళ్లకి తక్కువ ఉంటామనుకుంటే నేనైతే అద్దెకే ఓటేస్తాను.

ఇక అసలు విషయం. ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినవాళ్లు టైల్స్, మాడ్యులర్ కిచెన్, పూజగది చూస్తారు. మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఎన్ని గజాలు? అంటే స్థలంలో మీ పేర రాసే అవిభక్త వాటా ఎంత అని. అకౌంట్స్ మాస్టారమ్మని కాబట్టి నాకు ఇది రెండు వేర్వేరు ఆస్తులుగా కనిపిస్తుంది. స్థలానికి తరుగుదల ఉండదు, కట్టడానికి ఏటా ఉంటుంది. ధర పెరిగిందంటే ఆ పెరిగింది గజాలే.

వెయ్యి గజాల్లో 25 ఫ్లాట్లు కడితే ఒక్కోదానికి 40 గజాలు వస్తాయి. గజం 80 వేలు అనుకుందాం. 70 లక్షల కొత్త ఫ్లాట్‌లో 32 లక్షలు స్థలం, 38 లక్షలు గోడలు. స్థలం ఏటా 8 శాతం పెరిగి, గోడలు 2 శాతం తరిగాయనుకోండి: 2 లక్షల 56 వేలు పెరిగి 76 వేలు తగ్గాయి. నికరం లక్షా 80 వేలు, అంటే 2.6 శాతం లోపే. ఇందాక మనకి కావాల్సింది 5 దాటి. స్థలం 8 శాతం పెరిగినా ఫ్లాట్‌వాడికి గిట్టలేదన్నమాట.

ఇప్పుడు సత్యనారాయణపురంలోనో మొగల్రాజపురంలోనో పాతికేళ్ల కిందటి అపార్ట్‌మెంట్ తీసుకోండి. 600 గజాల్లో పదే ఫ్లాట్లు, మనిషికి 60 గజాలు. లిఫ్ట్ కీచుమంటుంది, బాత్రూముల్లో పాత టైల్స్, కొనేవాళ్లు ముఖం తిప్పుకుంటారు. గజం అదే 80 వేలైతే స్థలమే 48 లక్షలు. ఫ్లాట్ 62 లక్షలకి దొరికిందంటే గోడలకి మీరిచ్చేది 14 లక్షలే. స్థలం అదే 8 శాతం పెరిగితే 3 లక్షల 84 వేలు; గోడలు 5 శాతం తరిగాయనుకున్నా 70 వేలు. నికరం 5 శాతం పైనే. గజాల లెక్క చూశాక నాకు పాత ఫ్లాట్లంటే మోజు పెరిగింది. ఊరవతల అంతస్తు మీద అంతస్తు వేసి, క్లబ్ హౌస్ చూపించి, పాతిక ముప్పై గజాలు రాసిచ్చేవాటి మీద అంతే తగ్గింది.

పాతదానికీ తిప్పలున్నాయి. కట్టడం వయసు చూసి బ్యాంకు లోను గడువు తగ్గించవచ్చు. పడగొట్టి కొత్తది కట్టాలంటే ఓనర్లందరినీ ఒక్క మాట మీదకి తేవాలి. మెట్లకి రంగు ఏది వేయాలో తేల్చడానికే మాకు మూడు మీటింగులు చాలవు. కొనేముందు అసోసియేషన్ పుస్తకం అడిగి చూడండి: నిల్వ ఎంతుంది, ఎవరెన్ని నెలలు బాకీ, లిఫ్ట్, బోరు, జనరేటర్ ఎప్పుడు మార్చారు. మా దగ్గరికొచ్చి ఇది అడిగినవాళ్లు బహు తక్కువ. డాబా మీద పెంట్‌హౌస్ ఉంటే అది ప్లానులో ఉందా, దానికీ గజాలు రాశారా అని ఆరా తీయండి.

కాగితాల్లో నేను పట్టుబట్టేవి కొన్ని. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదని రూఢి, కార్పొరేషన్ ఆమోదించిన ప్లాను. ప్లాను ఇస్తూ పది శాతం కట్టడాన్ని కార్పొరేషన్‌వాళ్లు బిల్డర్ చేత తమకి తాకట్టు పెట్టించుకుంటారు, ఇల్లు ప్లాను ప్రకారమే పూర్తయిందని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే విడుదల చేస్తారు. మీరు కొనేది ఆ తాకట్టు ఫ్లాటేమో చూసుకోండి. కట్టుబడి సాగుతుండగా కొంటే జీఎస్టీ 5 శాతం, 45 లక్షల లోపు చిన్న ఇళ్లకి 1 శాతం. ఆక్యుపెన్సీ వచ్చినదానికి లేదు. స్థలం 500 చదరపు మీటర్లు, ఫ్లాట్లు 8, రెండూ దాటితే రెరా (బిల్డర్ల మీద నిఘా పెట్టే సంస్థ) నంబరు ఉండి తీరాలి. రాతకోతల అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతానికి మించి పుచ్చుకోకూడదని రెరా చట్టమే చెబుతోంది. స్థలం ఓనరుకీ బిల్డరుకీ మధ్య రాసుకున్న డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కూడా అడగండి, మీకు అమ్మేవాడి వాటాలో ఆ ఫ్లాట్ ఉందో లేదో అందులోనే తేలుతుంది. ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్, అంటే అమ్మేవాడికిచ్చే డబ్బులోంచి పన్ను, మీరే పట్టి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేది ఎన్నారై అయితే ఆ 1 శాతం లెక్క చెల్లదు, చాలా ఎక్కువ పట్టాలి. డబ్బు చేతులు మారకముందే ఆడిటర్ దగ్గరికి వెళ్లండి.

ఈ ఊళ్లో ఇంకొక పరీక్ష ఉంది, ఏ లాయరూ చెప్పనిది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు గట్టుకి గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే వరదలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. సెల్లార్ పిల్లర్లకి కొత్త రంగు వేసి ఉంటే అమ్మేవాణ్ణి అడగొద్దు, సందు చివర కిరాణా కొట్టులో అడగండి: అప్పుడు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి, లిఫ్ట్ మోటారు మునిగిందా, ఎన్నాళ్లకి కరెంటొచ్చింది. అద్దెకి దిగేవాళ్లూ అడగాల్సిందే. కాకపోతే వాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోగలరు.

అద్దెకే ఉండాలని తేల్చుకున్నారా, అయితే ఒక షరతు. ఈఎంఐకీ అద్దెకీ మధ్య మిగిలే పాతిక వేల దాకా డబ్బు జీతం పడ్డ రోజే బ్యాంకు ఆర్‌డీకో మ్యూచువల్ ఫండ్ సిప్‌కో వెళ్లిపోవాలి. ఆ చేతి డబ్బు 25 లక్షలూ కదలకూడదు. బంగారం, కారు, పెళ్లిళ్ల కట్నాలంటూ కరిగిపోయే ఇల్లయితే పైన వేసిన లెక్కంతా దండగ. అలాంటివాళ్లకి బ్యాంకువాడు మెడ మీద కూర్చుని పొదుపు చేయించడమే మేలు, వడ్డీ పోయినా సరే. అలాగే మంచాన పడ్డ అత్తగారో మామగారో ఉన్న ఇంట్లో ఓనరు ఎప్పుడు ఖాళీ చేయమంటాడో అన్న బెంగకి ఖరీదు కట్టలేం. వాళ్లు లెక్కలో నష్టపోయినా కొనుక్కోవడమే సబబు.

అద్దె ఇల్లు వెతకడం ఆషాఢంలోనో పుష్యంలోనో పెట్టుకోండి. మూఢనమ్మకమో ఏమో, ఆ నెలల్లో ఎవరూ కాపురం మార్చరు, టూలెట్ బోర్డులు వేలాడుతూ ఉంటాయి, ఓనర్లు మెత్తబడతారు. పట్టింపు ఉన్నవాళ్లు ఆషాఢంలో మాట ఖాయం చేసుకుని అడ్వాన్సిచ్చి, శ్రావణంలో పాలు పొంగించుకోవచ్చు. అడ్వాన్సు రెండు నెలలకి ఒప్పించడానికి చూడండి. అగ్రిమెంట్ 11 నెలలకే రాసినా, ఏటా పెంపు 5 శాతమేనని, ఖాళీ చేయమంటే రెండు నెలల ముందు చెప్పాలని, వెళ్లేటప్పుడు రంగుల ఖర్చు పేరిట అడ్వాన్సులో ఎంత కోస్తారో అంకె వేసి మరీ రాయించుకోండి. ఓనరు విదేశాల్లో ఉంటే అద్దెలోంచి కూడా టీడీఎస్ పట్టే బాధ్యత మీదే అవుతుంది, ఆ సంగతి ముందే మాట్లాడుకోండి. ఇల్లు చూడ్డానికి ఉదయం పూట కాదు, మే నెల అయితే మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. పై అంతస్తులో పడమటి గోడకి అరచెయ్యి ఆనించి చూడండి. ఏసీ బిల్లు ఎంతొస్తుందో అక్కడే తెలిసిపోతుంది, అద్దె బేరం అప్పుడు మొదలెట్టండి.